తెలిసిన పనికి ఇరవై ఏళ్ల గుత్తహక్కా?

ఉక్కు తీగను చుట్టలు చుట్టాలి. చుట్టిన స్ప్రింగును వేడిచేసి, లోపల మిగిలిపోయిన ఒత్తిడిని తీసెయ్యాలి. చల్లార్చాలి. అదిమిపట్టి గుడ్డ సంచిలోకి తొయ్యాలి. సంచి మూతిని అతికించాలి. పరుపుల్లో వాడే పాకెట్ స్ప్రింగు తయారయ్యేది ఇలాగే. ఈ పనుల్లో ఏ ఒక్కటీ నిన్నమొన్న పుట్టింది కాదు. వీటినే ఒక యంత్రం మీద వరసగా నడిపించి, ఆ వరస తమ ఆవిష్కరణ అనీ, తమ అనుమతి లేకుండా మరొకరు అలా చెయ్యడానికి వీల్లేదనీ ఎవరైనా పేటెంటు కోరితే ఇవ్వాలా? ఇవ్వకూడదు. పొరపాటున ఇచ్చి ఉంటే రద్దు చెయ్యాలి. ఇది మా నిశ్చితాభిప్రాయం.

మందుల పేటెంట్ల మీద ఈ దేశంలో పెద్ద చర్చే జరిగింది. 2013లో మందుల కంపెనీ నోవార్టిస్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గురించి సామాన్యులు కూడా మాట్లాడుకున్నారు. ప్రాణాలకు సంబంధించిన విషయం కాబట్టి అది సహజం. కానీ స్ప్రింగులు, పంపులు, తలుపు గొళ్లాలు, నాగలి కర్రుల వంటి వాటి మీద వచ్చే దరఖాస్తులను పట్టించుకునే నాథుడు లేడు. చట్టం మాత్రం అన్నిటికీ ఒక్కటే. పేటెంటు అంటే సమాజం ఆవిష్కర్తతో చేసుకునే ఒప్పందం. లోకానికి తెలియని జ్ఞానాన్ని అతను బయటపెడతాడు. బదులుగా, దరఖాస్తు పెట్టిన రోజు నుంచి ఇరవై ఏళ్లపాటు ఆ పని ఇంకెవరూ చెయ్యకుండా ఆపే హక్కును సమాజం అతనికి ఇస్తుంది. అతను కొత్తగా ఇచ్చింది ఏమీ లేకపోతే ఆ హక్కు పదిమంది సొత్తును ఒకరికి రాసిచ్చినట్టే. పరుపు విషయంలో ఇది చిన్న తప్పు, మందు విషయంలో పెద్ద తప్పు అని మేము అనుకోవడం లేదు.

ముందు పని ఎలా జరుగుతుందో చూద్దాం. అది తెలియకుండా చట్టం గురించి ఎంత మాట్లాడినా దండగ. స్ప్రింగుకు వాడేది ఎక్కువ కార్బన్ ఉన్న ఉక్కు తీగ. సన్నటి రంధ్రాల గుండా లాగి లాగి దాన్ని కావలసిన మందానికి తెస్తారు. అలా లాగినప్పుడే తీగలో ఒత్తిడి పేరుకుంటుంది. చుట్టినప్పుడు మరికొంత చేరుతుంది. ఆ ఒత్తిడి తియ్యకుండా వదిలేస్తే స్ప్రింగు కొన్నాళ్లకే కుంగిపోతుంది, పరుపు మధ్యలో గుంట పడుతుంది. అందుకే చుట్టిన తరవాత దాన్ని సుమారు 200 నుంచి 300 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేస్తారు. బోనెల్ రకం పరుపుల్లో స్ప్రింగులన్నిటినీ తీగతో అల్లేసి, ఆ చట్రం మొత్తాన్ని పొయ్యిలో పెట్టడం ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. విడి స్ప్రింగు అయితే రెండు కొసలూ పట్టుకుని దాని గుండా కరెంటు పంపితే చాలు, క్షణాల్లో వేడెక్కుతుంది. స్ప్రింగులు చేసే ఏ ఫ్యాక్టరీలో అడిగినా ఈ సంగతి చెబుతారు.

ఇక గుడ్డ. పాతరోజుల్లో నూలుగుడ్డ సంచులు కుట్టేవారు. ఇప్పుడు వాడేది పాలీప్రొపిలీన్‌తో చేసిన నాన్‌వోవెన్ గుడ్డ. దీన్ని దారంతో కుట్టనక్కర్లేదు. చెవికి వినపడని శబ్దతరంగాల కంపనంతో రెండు పొరలూ అక్కడికక్కడ కరిగి అతుక్కుంటాయి. దాన్నే అల్ట్రాసోనిక్ వెల్డింగ్ అంటారు. అతుక్కునే గుణం ఉందంటే వేడికి కరిగే గుణం ఉందనే అర్థం. పాలీప్రొపిలీన్ దాదాపు 160 డిగ్రీల దగ్గర కరుగుతుంది. స్ప్రింగేమో 200 డిగ్రీలు దాటి కాగి ఉంటుంది. కాగుతున్న స్ప్రింగును ఈ సంచిలోకి తోస్తే ఏమవుతుంది? గుడ్డకు చిల్లులు పడతాయి. కాబట్టి ముందు చల్లార్చాలి, తరవాతే సంచిలో పెట్టాలి.

ఈ తరహా క్లెయిముల, అంటే పేటెంటు హక్కు కోరే వాక్యాల, ప్రాణం అంతా ఉన్నది ఇక్కడే. వేడి చెయ్యడం పాతదే, సంచిలో పెట్టడం పాతదే, ఈ రెంటి మధ్య చల్లార్చే అంచెను మేమే చేర్చాం, ఇదే మా ఆవిష్కరణ అంటారు దరఖాస్తుదారులు. మేము అడిగేది ఒక్కటే. స్ప్రింగుల పని పదేళ్లు చేసిన మేస్త్రీని పిలిచి, వేడి చేసిన స్ప్రింగును ఈ గుడ్డలో పెట్టాలి, ఎలా పెడతావు అని అడిగితే చల్లార్చి పెడతానని అనడా? ఎలా చల్లారుస్తావంటే అతని ముందున్న దారులెన్ని? గాలి కొట్టడం ఒకటి. నీళ్లు పొయ్యడం ఇంకొకటి, కానీ నీళ్లు తగిలితే తీగ తుప్పు పడుతుంది. చల్లటి లోహపు పలకకు ఆనించడం మరొకటి. లేదా కాసేపు ఊరుకోవడం. ఈ నాలుగూ అందరికీ తెలిసినవే. యంత్రం నిమిషానికి ఎన్నో స్ప్రింగులు వదులుతుంటే ఊరుకుని కూర్చోలేం కాబట్టి గాలి కొడతారు. వస్తువు స్వభావమే ఈ వరసను నిర్ణయించింది. దరఖాస్తుదారు బుర్రలో పుట్టింది ఇందులో ఏమీ లేదు.

దీనికి ఒక ఎదురువాదన వినిపిస్తుంది. ఉక్కును వేగంగా చల్లారిస్తే పెళుసెక్కుతుందని పనివాళ్లు భయపడతారు, కాబట్టి వేగంగా చల్లార్చమని చెప్పడం వాళ్లకు తట్టని మాట అంటారు. వినడానికి బాగానే ఉంది కానీ ఇది నిలబడే వాదన కాదు. ఉక్కు పెళుసెక్కాలంటే దాన్ని ముందు 727 డిగ్రీలు దాటించి, లోపలి నిర్మాణమే మారేంతగా కాల్చి, ఆపైన ఒక్కసారిగా చల్లార్చాలి. 300 డిగ్రీల లోపు వేడెక్కిన స్ప్రింగును ఎంత త్వరగా చల్లార్చినా ఆ ప్రమాదం లేదు. లోహశాస్త్రం చదివే విద్యార్థికి మొదటి పాఠాల్లోనే చెప్పే సంగతి ఇది. లేని భయాన్ని సృష్టించి, దాన్ని మేము జయించామని చెప్పుకుంటే అది మసిపూసి మారేడుకాయ చెయ్యడమే అవుతుంది.

మన పేటెంటు చట్టం ఈ విషయంలో అస్పష్టంగా ఏమీ లేదు. సెక్షన్ 2(1)(జెఎ) ప్రకారం ఆవిష్కరణలో రెండు ఉండాలి. ఉన్న జ్ఞానంతో పోలిస్తే సాంకేతికంగా ముందడుగు గానీ, ఆర్థిక ప్రాధాన్యం గానీ, రెండూ గానీ ఉండాలి. దానితో పాటు, ఆ రంగంలో నైపుణ్యం ఉన్న మనిషికి అది ఇట్టే తట్టేది కాకూడదు. దరఖాస్తుదారుల వకీళ్లు మొదటి సగాన్ని గట్టిగా చదివి రెండో సగాన్ని మింగేస్తారు. మా పద్ధతితో ఖర్చు తగ్గింది, వేగం పెరిగింది, కాబట్టి పేటెంటు ఇవ్వాలి అంటారు. ఖర్చు తగ్గించడం మంచి పనే. అందుకు మార్కెట్టు లాభం ఇస్తుంది. ఇరవై ఏళ్ల గుత్తహక్కు కావాలంటే మాత్రం రెండో సగం కూడా నెగ్గాలి. సెక్షన్ 3(డి) ఇంకా సూటిగా ఉంది. దాని మీదే నడిచిన నోవార్టిస్ కేసు పుణ్యమా అని ఆ సెక్షను మందులకే పరిమితమని చాలామంది అనుకుంటున్నారు. దాని చివరి భాగం చదివితే తెలుస్తుంది: తెలిసిన ప్రక్రియను, తెలిసిన యంత్రాన్ని ఊరికే వాడుకోవడం ఆవిష్కరణ కిందికి రాదు. ఆ ప్రక్రియ వల్ల కొత్త వస్తువు పుట్టాలి, లేదా కనీసం ఒక కొత్త రసాయన పదార్థమైనా అందులో పాల్గొనాలి. పాకెట్ స్ప్రింగు కొత్త వస్తువు కాదు, దానికి నూటపాతికేళ్ల చరిత్ర ఉంది. అందులో పాల్గొనే కొత్త పదార్థమూ లేదు. సెక్షన్ 3(ఎఫ్) కూడా ఉండనే ఉంది. తెలిసిన పరికరాలను పక్కపక్కన పేర్చి, దేని పని అది ఎప్పటిలాగే చేసుకుంటూ పోతే ఆ పేర్పు ఆవిష్కరణ కాదని అది చెబుతుంది. చుట్టే యంత్రం చుడుతుంది, వేడి చేసేది వేడి చేస్తుంది, అతికించేది అతికిస్తుంది. ఒకదాని వల్ల మరొకదాని పనిలో కొత్త గుణం ఏదీ రావడం లేదు.

చట్టంలో ఉన్నది కోర్టులో ఎలా నడిచిందో చూడాలంటే మీర్జాపూర్ పాత్రల కేసుకు మించింది లేదు. పేటెంటు గురించి మన దేశంలో వాదించే ప్రతివారూ ఇవాళ్టికీ ఆ తీర్పునే ఆశ్రయిస్తారు. అక్కడ ఇత్తడి, జర్మన్ సిల్వర్ పాత్రలు తయారుచేసే హిందుస్థాన్ మెటల్ ఇండస్ట్రీస్ అనే సంస్థ 1951 తేదీతో ఒక పేటెంటు తీసుకుంది. పాత్రను లేతు మీద తిప్పుతూ నునుపు చేస్తున్నప్పుడు అది పట్టు తప్పి ఎగిరిపడి పనివాళ్లకు తగిలే ప్రమాదం ఉండేది. పాత్రను గట్టిగా పట్టి ఉంచే ఏర్పాటు తాము కనిపెట్టామనీ, దాంతో భద్రత, వేగం, నాణ్యత పెరిగాయనీ ఆ సంస్థ చెప్పుకుంది. అదే పని చేస్తున్న విశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యాం సంస్థ మీద దావా వేసింది. ఆ పేటెంటే చెల్లదని వీళ్లు ఎదురు తిరిగారు. అలహాబాద్ హైకోర్టులో ఒక న్యాయమూర్తి పేటెంటును రద్దు చేశారు. అప్పీలు విన్న ధర్మాసనం పేటెంటును నిలబెట్టింది. చివరికి 1978 డిసెంబరులో సుప్రీంకోర్టు రద్దునే ఖాయం చేసింది.

తీర్పు రాసింది జస్టిస్ ఆర్.ఎస్. సర్కారియా. ఆయనతో కూర్చున్నది మన అనంతపురం జిల్లా గుత్తికి చెందిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. వాళ్లు విషయాన్ని చాలా నిక్కచ్చిగా చూశారు. లేతుకు ముందు పట్టు, వెనక పట్టు ఉండడం ఆ పనిలో ఉన్న అందరికీ తెలుసు. వెనక పట్టుతో పాత్రను అదిమి ఉంచడం పనిశాలలో జరిగే మామూలు మెరుగుదల. అంతకుమించి అందులో ఆవిష్కరణ లేదు. పాతవాటిని కలిపినందుకు పేటెంటు రావాలంటే, అవి ఒకదానితో ఒకటి కలిసి పనిచేసి కొత్త ఫలితాన్నో, మెరుగైన, చవకైన వస్తువునో ఇవ్వాలి. ఆ కలయిక కూడా పనితెలిసిన మనిషికి మామూలుగా తట్టేదై ఉండకూడదు. పేటెంటు ఆఫీసు ముద్ర వేసినంత మాత్రాన పేటెంటు చెల్లుతుందన్న హామీ ఏమీ లేదని కూడా ఆ తీర్పు స్పష్టం చేసింది. లేతు మీద పాత్రను పట్టి ఉంచడానికి పనికిరాని పేటెంటు, స్ప్రింగును సంచిలో పెట్టేముందు చల్లార్చడానికి ఏ న్యాయం ప్రకారం పనికొస్తుంది?

ఈ ఆలోచన మన దేశానికే ప్రత్యేకం కాదు. పేటెంట్లను నెత్తిన పెట్టుకునే అమెరికాలో కూడా 1851లోనే ఈ గీత గీశారు. తలుపు పిడులను కర్రకు, లోహానికి బదులు మట్టితో, పింగాణీతో చేసి ఒకరు పేటెంటు తీసుకున్నారు. పిడి ఆకారం పాతదే, దాన్ని కమ్మీకి బిగించే తీరూ పాతదే, మారింది పదార్థం మాత్రమే. హాచ్‌కిస్ కేసుగా పేరుపడ్డ ఆ వివాదంలో, ఇది చెయ్యి తిరిగిన పనివాడు చేసే పనే తప్ప ఆవిష్కర్త చేసేది కాదని ఆ దేశ సుప్రీంకోర్టు తేల్చింది. 1952లో ఈ సూత్రం వాళ్ల చట్టంలోకి ఎక్కింది. 1966లో వచ్చిన గ్రాహం కేసు రైతులకు సులువుగా అర్థమవుతుంది. రాళ్ల నేలలో దున్నేటప్పుడు కర్రు విరక్కుండా స్ప్రింగుతో బిగించిన పట్టీ ఒకటి ఉండేది. అందులో పైనున్న భాగాన్ని కిందికి, కిందున్నదాన్ని పైకి మార్చారు. ఈ మార్పు ఎవరికైనా తట్టేదే అని కోర్టు ఆ పేటెంటును కొట్టేసింది.

2007 నాటి కేఎస్ఆర్ కేసు మన ప్రశ్నకు మరీ దగ్గరగా ఉంటుంది. కారులో కాలితో తొక్కే పెడల్‌ను ముందుకూ వెనక్కూ జరుపుకునే ఏర్పాటు అప్పటికే ఉంది. పెడల్ ఎంత నొక్కారో ఇంజనుకు చెప్పే ఎలక్ట్రానిక్ సెన్సరూ ఉంది. జరిపే పెడల్ మీద కదలని చోట ఆ సెన్సరును బిగించినందుకు పేటెంటు ఇచ్చేశారు. రెంటినీ కలపమని ఏ పుస్తకంలోనూ రాసి లేదు కాబట్టి ఇది తట్టేది కాదని కింది అప్పీలు కోర్టు అంది. సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా ఆ వాదనను తోసిపుచ్చారు. తీర్పు రాసిన జస్టిస్ కెనడీ చెప్పిన దాని సారం ఇది: పనితెలిసిన మనిషి మరబొమ్మ కాడు, అతనికీ మామూలు తెలివితేటలు ఉంటాయి. ఒక సమస్య ఎదురై, దానికి తెలిసిన పరిష్కారాలు వేళ్లమీద లెక్కపెట్టేటన్ని ఉన్నప్పుడు వాటిలో ఒకటి ప్రయత్నించి నెగ్గితే అది ఆవిష్కరణ అయిపోదు. గాలి, నీళ్లు, చల్లటి పలక, కాసేపు ఆగడం. పైన చెప్పిన నాలుగు దారులకు ఈ కొలత అచ్చంగా సరిపోతుంది.

అయితే ఈ కొలతను దుర్వినియోగం చెయ్యడానికీ అవకాశం ఉంది. విప్పి చెప్పాక పొడుపుకథ అందరికీ తేలికగానే కనిపిస్తుంది. పేటెంటు దరఖాస్తు చదివాక, ఇందులో ఏముంది, ఎవరైనా చేస్తారు అనేసే అధికారి అసలైన ఆవిష్కర్త నోట్లో మట్టి కొడతాడు. దరఖాస్తు పెట్టిన తేదీ నాటికి లోకానికి ఏం తెలుసో అక్కడే ఆగి ఆలోచించాలి. గ్రాహం కేసు తేలిన రోజునే అమెరికా సుప్రీంకోర్టు ఆడమ్స్ అనే వ్యక్తి చేసిన బ్యాటరీకి ఇచ్చిన పేటెంటును నిలబెట్టింది. మెగ్నీషియం, క్యూప్రస్ క్లోరైడు రెండూ తెలిసిన పదార్థాలే. కానీ వాటిని కలిపి, నీళ్లు పోస్తే పనిచేసే బ్యాటరీ అవుతుందంటే నిపుణులే నమ్మలేదు. నిపుణులు నమ్మనిది చేసి చూపినవాడికి పేటెంటు దక్కింది. అది న్యాయం.

పరుపు స్ప్రింగు చరిత్రలోనూ అలాంటి ఘట్టం ఉంది. ఇంగ్లాండులో పుట్టి కెనడాలో స్థిరపడ్డ జేమ్స్ మార్షల్ 1900 ప్రాంతంలో ఒక్కో స్ప్రింగునూ ఒక్కో గుడ్డ సంచిలో కుట్టి పరుపు చేశాడు. పక్కన పడుకున్నవాళ్లు కదిలినా ఇవతలివాళ్లకు కుదుపు రాదు. అప్పటిదాకా స్ప్రింగులన్నీ ఒకదానికొకటి అల్లుకుని ఉండేవి. వాటిని విడదీయాలన్న ఊహ కొత్తది. కానీ చేత్తో కుట్టాల్సి రావడంతో ఆ పరుపు చాలా ఖరీదయ్యేది. పాతికేళ్ల తరవాత, 1925లో, సిమన్స్ కంపెనీ తరఫున జాన్ గెయిల్ తయారుచేసిన యంత్రం ఆ పని తనే చెయ్యడం మొదలుపెట్టింది. బ్యూటీరెస్ట్ అనే పరుపు అలా మార్కెట్లోకి వచ్చింది. పాతికేళ్లపాటు అందరికీ ఆ యంత్రం అవసరం ఉంది, సరుకుకు గిరాకీ ఉంది, అయినా ఎవరి చేతా కాలేదు. అలాంటప్పుడు అది అందరికీ తట్టే పని అని ఎవరంటారు? ఎంతకాలంగా అవసరం ఉంది, ఎంతమంది ప్రయత్నించి ఓడారు అన్నవి ఆవిష్కరణకు బలమైన సాక్ష్యాలు. గ్రాహం తీర్పు వీటిని చూడమనే చెప్పింది. చల్లార్చే అంచెకు అలాంటి సాక్ష్యం ఏదైనా ఉందా? వేడి స్ప్రింగును గుడ్డలో పెట్టలేక పరిశ్రమ ఏళ్ల తరబడి తల పట్టుకు కూర్చున్న దాఖలా చూపించగలరా? చూపించలేరు. కరిగే గుడ్డ వాడుకలోకి రావడంతోనే చల్లార్చే అవసరమూ వచ్చింది, పరిష్కారమూ దాని వెంటే వచ్చింది.

పరుపు బాగా అమ్ముడుపోయింది కాబట్టి పద్ధతి గొప్పదేనన్న వాదన కూడా చెల్లదు. కొనేవాళ్లు ప్రకటన చూసి కొంటారు, మెత్తదనం చూసి కొంటారు, వాయిదాల్లో కట్టొచ్చని కొంటారు. లోపలి స్ప్రింగును ఎన్ని క్షణాలు చల్లార్చారని దుకాణంలో ఎవరూ అడగరు. అమ్మకాలకూ ఆ అంచెకూ సంబంధం రుజువు చెయ్యాల్సిన బాధ్యత పేటెంటు కోరేవాళ్లదే.

చల్లార్చే పరికరంలో నిజంగా కొత్తదనం ఉంటే మాత్రం దానికి పేటెంటు ఇవ్వాల్సిందే. గాలి గొట్టాలను ఒక ప్రత్యేకమైన తీరులో అమర్చడం వల్ల, ఎవరూ ఊహించనంత తక్కువ సమయంలో స్ప్రింగు చల్లబడి, దాని జీవితకాలం కూడా పెరిగిందని పరీక్షల లెక్కలతో చూపించారనుకోండి. అప్పుడు ఆ అమరికకు, ఆ కొలతలకు పేటెంటు ఇవ్వండి. ఎంత కనిపెట్టారో అంతకే హక్కు. దాని బదులు, వేడి చేసి చల్లార్చి సంచిలో పెట్టే ఏ పద్ధతైనా మాదే అని గాలం విసిరినట్టు క్లెయిము రాస్తే ఒప్పుకోకూడదు.

ఇంత గట్టిగా చెప్పడానికి మరో కారణం ఉంది. పద్ధతి మీద పేటెంటు వస్తువు మీద పేటెంటు కన్నా కొన్ని విషయాల్లో ప్రమాదకరం. సెక్షన్ 48 ప్రకారం పద్ధతికి పేటెంటు ఉన్నవాడు, ఆ పద్ధతితో నేరుగా తయారైన సరుకు అమ్మకాన్ని, దిగుమతిని కూడా ఆపగలడు. పైగా సెక్షన్ 104ఏ ఉంది. సాధారణంగా దావా వేసినవాడే తప్పు రుజువు చెయ్యాలి. పద్ధతి పేటెంటు విషయంలో, సరుకు ఒకేలా ఉందని చూపించి, అదే పద్ధతి వాడి ఉండే అవకాశం బాగా ఉందనీ, తాము ప్రయత్నించినా ఆ సంగతి తెలుసుకోలేకపోయామనీ పేటెంటుదారు చెబితే, నువ్వు వాడే పద్ధతి వేరే అని రుజువు చేసుకోమని కోర్టు ప్రతివాదిని ఆదేశించవచ్చు. ఒక చిన్న యూనిట్ యజమాని పరిస్థితి ఊహించండి. బ్యాంకు అప్పుతో రెండు యంత్రాలు కొని పదిమందికి పని ఇస్తున్న మనిషికి నోటీసు వస్తుంది. పరుపు కోసి చూసినా స్ప్రింగును ఎలా చల్లార్చారో తెలియదు. తను తరతరాలుగా అందరూ చేసే పనే చేస్తున్నానని అతను హైకోర్టులో రుజువు చేసుకోవాలి. వకీలు ఫీజుకే యంత్రాలు అమ్ముకోవాల్సి రావచ్చు. చాలామంది రాజీపడి రాయల్టీ కడతారు, లేదా మూసేస్తారు. పనికిరాని పేటెంటు కోర్టుకెక్కకుండానే తన పని తాను చేసుకుపోతుంది.

కాబట్టి దీన్ని గుమ్మంలోనే ఆపాల్సిన బాధ్యత పేటెంటు ఆఫీసుది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దరఖాస్తులు చెన్నై కార్యాలయం పరిధిలోకి వస్తాయి. అక్కడైనా, కోల్‌కతా, ఢిల్లీ, ముంబై కార్యాలయాల్లోనైనా పరీక్షించే అధికారులు పాత పేటెంట్లను వెతికి ఊరుకుంటే చాలదు. స్ప్రింగుల తయారీ జ్ఞానంలో చాలా భాగం పేటెంటు పత్రాల్లో ఉండదు. యంత్రాల కంపెనీల కరపత్రాల్లో, వాడకం పుస్తకాల్లో, లోహశాస్త్రం పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. వాటినీ తిరగెయ్యాలి. తిరస్కరించేటప్పుడు కారణాలు విడమరచి రాయాలి. 2022లో అగ్రిబోర్డు కేసులో ఢిల్లీ హైకోర్టు ఇదే చెప్పింది. ముందే ఉన్నదేమిటి, దరఖాస్తులో ఉన్నదేమిటి, మొదటిదాని నుంచి రెండోది పనితెలిసిన మనిషికి ఎలా తడుతుంది, ఈ మూడూ రాయకుండా కొట్టేస్తే ఆ ఉత్తర్వు నిలబడదు. అది దరఖాస్తుదారుకు రక్షణ, అధికారికి క్రమశిక్షణ. రెండూ అవసరమే.

ప్రభుత్వం విషయంలో మాకు గట్టి అభ్యంతరం ఉంది. పేటెంటు ఇచ్చేముందే ఎవరైనా అభ్యంతరం చెప్పే హక్కు సెక్షన్ 25(1) కింద ఉంది. ప్రజల చేతిలో ఉన్న అతి చవకైన ఆయుధం అది. 2024 నిబంధనల్లో దానికి రుసుము పెట్టారు. అభ్యంతరం విచారణకు తగినదా కాదా అని అధికారి ముందే తేల్చే అంచె కూడా చేర్చారు. పెద్ద కంపెనీలకు ఇది లెక్కలోది కాదు. చిన్న తయారీదారులకూ, వాళ్ల సంఘాలకూ ఇది అడ్డుగోడ. వృథా అభ్యంతరాలను ఆపాలంటే వృథా అని తేలాక జరిమానా వెయ్యొచ్చు. తలుపు దగ్గరే సుంకం వసూలు చెయ్యడం తప్పు. ఆ రుసుమును ఉపసంహరించాలి.

చిన్న తయారీదారులూ నిద్రపోకూడదు. దరఖాస్తులు మామూలుగా పద్దెనిమిది నెలలకు పేటెంటు జర్నల్లో ప్రచురితమవుతాయి. ఆ జర్నల్ ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. మీ రంగానికి సంబంధించిన దరఖాస్తు కనబడితే మీ సంఘం తరఫున అభ్యంతరం పెట్టండి. మీ పాత యంత్రాల బిల్లులు, కరపత్రాలు, తేదీ ఉన్న ఫొటోలు దాచుకోండి, అవే సాక్ష్యాలు. పేటెంటు మంజూరైన ప్రచురణ వచ్చాక కూడా ఏడాది లోపు సెక్షన్ 25(2) కింద అభ్యంతరం చెప్పొచ్చు. ఆ గడువు దాటితే సెక్షన్ 64 కింద రద్దు కోరుతూ హైకోర్టుకు వెళ్లాలి. మీ మీద దావా పడితే ఆ దావాలోనే రద్దు కోసం ఎదురు దావా వెయ్యొచ్చు. మీర్జాపూర్ పాత్రల తయారీదారులు నెగ్గింది అలాగే.

తీగ చుట్టి, వేడి చేసి, చల్లార్చి, సంచిలో పెట్టి అతికించే పద్ధతి ఈ పని తెలిసిన ప్రతి మనిషికీ తట్టేదే. దాని మీద కోరే పేటెంటును సెక్షన్ 2(1)(జెఎ), సెక్షన్ 3(డి) కింద తిరస్కరించాలి. ఇప్పటికే ఇచ్చిన వాటిని సెక్షన్ 64 కింద రద్దు చెయ్యాలి.